ఆకుపచ్చ తెర, రిమార్కుల గడి

యంత్రీకరణను గురించి మన పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా రెండు ఘట్టాలను మాత్రమే చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. మొదటిది, 1960లలో జీవిత బీమా సంస్థ ఉద్యోగులు జరిపిన ఆటోమేషన్ వ్యతిరేక పోరాటం. కలకత్తాలో ఇలాకో హౌస్ అనే భవనంలోకి ఎలక్ట్రానిక్ కంప్యూటరు రాకుండా ఉద్యోగులు కాపలా కాసిన కథ. రెండోది, 1983 సెప్టెంబరులో బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య కుదిరిన ఒప్పందం, దాని వెంట 1984లో వచ్చిన రంగరాజన్ కమిటీ నివేదిక. ఈ రెంటి మీదా మనవాళ్లు తగినంత రాశారు, తగినంత పోట్లాడుకున్నారు కూడా. కాని మూడో ఘట్టం ఒకటి వుంది. అది చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. గుమాస్తా ముందు నల్లటి తెరా, దాని మీద ఆకుపచ్చ అక్షరాలూ వుండేవి. అవి తొలగి ఆ చోట బ్రౌజరు కిటికీ వచ్చింది. దేశంలో ప్రతి బ్యాంకులోనూ, బీమా ఆఫీసులోనూ, రైల్వే వ్యవహారంలోనూ ఏదో ఒక రూపంలో జరిగిన ఈ మార్పు మీద ఒక్క సభ, ఒక్క తీర్మానం, ఒక్క మంచి వ్యాసం నా కంటపడలేదు.

తెర రంగు మారితే అందులో రాయవలసిందేముంది అని ఎవరైనా అడగవచ్చు. నేను 1983లో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరి, ముప్ఫయ్యారేళ్లకు పైగా కోనసీమలోనూ, తణుకు ప్రాంతంలోనూ, చివర రాజమండ్రిలోనూ కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. తోలు వీపుల లెడ్జర్లు మోశాను, లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు చూశాను, ఆకుపచ్చ తెర ముందు పదిహేనేళ్లకు పైగా పనిచేశాను, బ్రౌజరు ముందు పదవీ విరమణ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: లెడ్జరు పోయి టెర్మినల్ వచ్చినప్పటికంటే, టెర్మినల్ పోయి బ్రౌజరు వచ్చినప్పుడే మన కోర్కెలు చెప్పుకోవడానికి ఎక్కువ సందు దొరికింది. అది ఎలా చేజారిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ పాత తెర ఏమిటో ఈనాటి విద్యార్థులకు చెప్పాలి. గాజు గొట్టం లోపలి వైపు ఒక పూత వుంటుంది. ఎలక్ట్రాన్ కిరణం తగలగానే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. తెర మీద బొమ్మలుండవు, అక్షరాలే. అడ్డంగా 80, నిలువుగా 24 వరసలు. ఈ 80 ఎక్కడి నుంచి వచ్చింది? 1928లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు గళ్లుండేవి. కార్డు పోయినా ఆ కొలత పోలేదు. 1971లో అదే కంపెనీ తెచ్చిన 3270 రకం టెర్మినల్ మీదికీ, 1978లో డిజిటల్ కంపెనీ తెచ్చిన వి.టి.100 మీదికీ అదే కొలత పాకింది. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో కొత్త బారేజీ కట్టినా, కాలవలు పాత కాలవలే అయినట్టు. ఐ.బి.ఎం. వారు విదేశ మారక నియంత్రణ చట్టం కింద వాటా తగ్గించుకోవడం ఇష్టం లేక 1978లో మన దేశం విడిచిపోయారు. వాళ్ల యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ రంగంలోని సి.ఎం.సి. మీద పడింది. ఆ తెర మాత్రం ఏ కంపెనీ వెళ్లినా వెళ్లలేదు.

టెర్మినల్‌కు సొంత బుర్ర లేదు. లెక్క కట్టేది ఎక్కడో చల్లటి గదిలో వున్న పెద్ద యంత్రం. ఇందులో రెండు పద్ధతులుండేవి. ఐ.బి.ఎం. పద్ధతిలో గుమాస్తా గళ్లన్నీ నింపి మీట నొక్కితే, పోస్టు కార్డు డబ్బాలో వేసినట్టుగా, పూర్తి తెర ఒక్కసారే వెడుతుంది. మా శాఖలో వుండిన యూనిక్స్ పద్ధతిలో నొక్కిన ప్రతి అక్షరమూ ఎప్పటికప్పుడు ప్రయాణం చేస్తుంది. ఈ రెండో దానిలో ఒక సుగుణం వుండేది, దాన్ని పుస్తకాల్లో పెద్దగా రాయరు. తెర రావడం ఆలస్యమైనా, గుమాస్తా నొక్కిన మీటలు వరసలో నిలబడి వుంటాయి. పని తెలిసినవాళ్లు తెర కోసం ఆగరు. తెర కంటే ముందే నడుస్తారు.

మా శాఖలో ఒక సోదరి వుండేది. ఖాతా నంబరు, మొత్తం, చెక్కు నంబరు, మూడుసార్లు టాబ్, ఆ పైన ఎఫ్ 10. ఆమె వేళ్లు ఇదంతా పూర్తి చేసి, క్యాషియర్ వైపు ఓచరు తోసి, తర్వాతి మనిషిని పిలిచేసరికి తెర మీద మొదటి గడి కనపడేది. చూపు తెర మీద వుండేది కాదు, ఎదుటి మనిషి ముఖం మీద వుండేది. ఆమెకు ఆ విద్య ఏ శిక్షణ కేంద్రమూ నేర్పలేదు. నాలుగేసి అక్షరాల మెనూ పేర్లన్నీ ఒక అట్టముక్క మీద రాసి టెర్మినల్ పక్కన అతికించి వుండేవి. బదిలీ మీద వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు ఆ అట్టముక్క అప్పగించి, నోటితో పది చిట్కాలు చెప్పి వెళ్లేవారు. నేత పనివాడికి పలక మీద వుండే పట్టు లాంటిదది. యంత్రం యాజమాన్యానిదే, అందులో సందేహం లేదు. ఆ వేగం మాత్రం గుమాస్తాది.

ఇంతమాత్రాన ఆకుపచ్చ తెరను నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. ఈమధ్య కొందరు మిత్రులు పాత యంత్రాలను గురించి పాత సినిమా పాటలను గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఆ తెర కళ్లు మండించేది. తప్పు వస్తే కారణం చెప్పేది కాదు, ఒక నంబరు చెప్పేది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు నెల రోజులు దాని దగ్గరికి రావాలంటే భయపడేవారు. అన్నిటికంటే ముఖ్యం, దాని వీపు జనం వైపు వుండేది. కౌంటరు అవతల నిలబడ్డ రైతుకు కనపడేది గాలి కోసం చేసిన సన్న చీలికలున్న ఒక ప్లాస్టిక్ డబ్బా మాత్రమే. లెడ్జరు కాలంలో కనీసం పుస్తకం తిప్పి, ఇదుగో నీ పేరు, ఇదుగో నీ బాకీ అని వేలు పెట్టి చూపించే వీలుండేది. టెర్మినల్ వచ్చాక, "ఆయ్, నాకేం తెలుస్తుందండీ, తమరే చూసి చెప్పాల" అన్న మాట ఎక్కువైంది. అంచేత ఈ తెర మారాలన్న దానిలో తగాదా లేదు. ఎవరి కోసం మారాలన్నదే తగాదా.

మార్చే పద్ధతులు స్థూలంగా మూడున్నాయి. వీటిని మన గోదావరి జిల్లాల మండువా ఇళ్లతో పోల్చి చెబితే తేలిగ్గా బోధపడుతుంది. మండువా ఇంటికి వీధి వైపు సిమెంటు ముఖభాగం కట్టి అద్దాల తలుపు పెట్టినవాళ్లు మన వూళ్లలో చాలామంది వున్నారు. లోపలికి వెళ్తే అవే స్తంభాలు, అదే చూరు. మొదటి పద్ధతి అలాంటిది. పాత కార్యక్రమం తనకు ఎదురుగా ఇంకా పాత టెర్మినలే వుందనుకొని ఆకుపచ్చ అక్షరాలు పంపుతూనే వుంటుంది. మధ్యలో కూర్చున్న మరో కార్యక్రమం, ఆరో వరసలో ఇరవయ్యో గడి నుంచి పన్నెండు అక్షరాలు ఖాతాదారు పేరు అని లెక్క పెట్టి గీరి తీసి, రంగుల పెట్టెల్లో పేర్చి బ్రౌజరుకు చూపుతుంది. ఐ.బి.ఎం. వంటి కంపెనీలు ఈ పనికి ప్రత్యేకం సరుకులే అమ్మాయి. చవక, త్వరగా అవుతుంది. వరసలో ఒక గడి అటూ ఇటూ జరిగితే మొత్తం తలకిందులవుతుంది. రెండో పద్ధతి ఇంటి లోపల గోడలు పడగొట్టి, వంటగది వేరు, వసారా వేరు చేయడం; లెక్క కట్టే భాగాన్నీ చూపించే భాగాన్నీ విడదీయడం. ఇది శ్రమతో కూడిన పని. మూడోది ఇల్లు పూర్తిగా పడగొట్టి కొత్తది కట్టడం. ఇది అందరూ చేస్తామంటారు, కొందరే మొదలుపెడతారు.

ముఖభాగం కట్టినందువల్ల లోపలి దూలాలు కొత్తవి కావు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు ఫిల్ మర్ఫీ 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల లక్షలాది మంది నిరుద్యోగ భృతికి దరఖాస్తులు పెట్టుకున్నప్పుడు, కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడగవలసి వచ్చింది. జనం దరఖాస్తు పెట్టింది వెబ్ పేజీలో. దాన్ని మోయవలసింది దశాబ్దాల నాటి పెద్ద యంత్రం. 1959–60లో రూపుదిద్దుకున్న ఆ కోబాల్ భాషనే 1990ల చివర 2000 సంవత్సరపు తేదీల బెడద సాకుగా హైదరాబాదు అమీర్‌పేటలో మన కోస్తా కుర్రవాళ్లు వేల సంఖ్యలో నేర్చుకొని విమానాలెక్కారు. గోదావరి జిల్లాల తల్లిదండ్రులు పొలం కుదువ పెట్టి నేర్పించిన చదువు అమెరికా బీమా కంపెనీల పాత దూలాలకు ఆసరాగా నిలబడింది.

మన దేశంలో ఈ రకపు మార్పుకు అందరికీ తెలిసిన ఉదాహరణ రైల్వే రిజర్వేషను. 1985–86లో ఢిల్లీలో సి.ఎం.సి. వారి చేత మొదలైన యంత్ర రిజర్వేషను, తర్వాత రైల్వే వారి క్రిస్ సంస్థ రూపొందించిన కాన్సర్ట్ అనే పద్ధతిగా మారింది. అది 1994లో మొదట అమలైంది మన సికింద్రాబాదులోనే. కౌంటరులో గుమాస్తా ముందు అక్షరాల తెర. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. వారు వెబ్ ద్వారా టిక్కెట్ల అమ్మకం ప్రారంభించారు. బెర్తులు పంచే మూల వ్యవస్థ కౌంటరుకూ వెబ్‌కూ ఒకటే, ముఖమే వేరు. రాజమండ్రి స్టేషనులో తెల్లవారుజామున వరసలో నిలబడే బాధ చాలామందికి తప్పింది, నిజమే. ఐతే పేరూ వయసూ కొట్టే పని, తప్పు కొడితే నష్టపోయే బాధ్యత గుమాస్తా నుంచి ప్రయాణికుడికి బదిలీ అయ్యాయి. ఆ పని తానే చేసుకున్నందుకు ప్రయాణికుడు సౌకర్య రుసుం అని పైన కొంత చెల్లిస్తున్నాడు. తన చాకిరీకి తానే కూలి ఇచ్చుకునే ఈ ఏర్పాటును అర్థశాస్త్రం మాస్టార్లు తరగతిలో చెబితే విద్యార్థులు మరిచిపోరు.

ఇక మా బ్యాంకు సంగతి. ఇక్కడ రెండు మెట్లున్నాయి, కలిపి చెబితే గందరగోళం. మొదట, 2000 తర్వాతి దశాబ్దంలో శాఖల్లోని లెక్కలన్నీ ఒక కేంద్రానికి చేరాయి. ప్రభుత్వ బ్యాంకులు కొన్ని ఇన్ఫోసిస్ వారి ఫినకిల్‌నూ, కొన్ని టి.సి.యస్. వారి బ్యాంక్స్‌నూ తీసుకున్న కాలమది. అప్పటికీ మా తెర ఆకుపచ్చ అక్షరాలదే. శాఖలోని పెద్ద యంత్రం పోయి, అది దూరాన ఎక్కడో వెలిసింది. తర్వాత 2013లో తెర మారింది. ఈ రెంటికీ ముందు, 2000–01లో, ప్రభుత్వ బ్యాంకుల నుంచి సుమారు లక్ష మంది ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ మీద వెళ్లిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. వెళ్లినవాళ్లలో అట్టముక్కల వారసులు చాలామంది. అంటే చేతులు తగ్గాక తెర మార్చారు.

శిక్షణ రెండు రోజులు. చెప్పడానికి వచ్చిన ఆయన నవ్వు ముఖంతో, "ఇక మీరు ఏమీ గుర్తు పెట్టుకోనక్కరలేదు, మౌసుతో నొక్కితే చాలు" అన్నాడు. పాత మెనూ పేర్లు పూర్తిగా పోలేదు, ఒక్కొక్క దాని ముందు మరో అక్షరం చేరింది. గళ్లు అవే, గళ్ల పేర్లు అవే, వరస కూడా దాదాపు అదే. కాని టాబ్ నొక్కితే వెళ్లవలసిన చోటికి వెళ్లేది కాదు. పేజీ పూర్తిగా వచ్చేదాకా నొక్కిన మీటలు వృథా. ముందే నడిచే వేళ్లు ఆగి చక్రం తిరగడం చూస్తూ కూర్చున్నాయి. జూన్ నెల, కాలవలకు నీరు వదిలే సమయం, సార్వా అప్పుల తిరగరాత జోరుగా వుండే కాలం. వరస వీధిలోకి వచ్చింది. ఆ సోదరి చూపు ఆనాటి నుంచి ఎదుటి మనిషి ముఖం మీద లేదు, తెర మీదికి పోయింది. జనం మాత్రం, "కంప్యూటర్లు మార్చినా వీళ్ల బద్ధకం మారలేదు" అనుకున్నారు. వాళ్లకు వేరేగా తెలిసే వీలు లేదు గదా.

నిజం చెప్పాలంటే కొత్తగా చేరిన పిల్లలకు అది సుఖంగానే వుంది. బ్రౌజరు నేర్చుకోవడం తేలిక అన్నది అబద్ధం కాదు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మండల కేంద్రాల్లో ఈ-సేవ కేంద్రాలు పెట్టి డ్వాక్రా మహిళా సంఘాల వారి చేత నడిపించినప్పుడు, టెర్మినల్ ముఖం ఎన్నడూ చూడని ఆడపిల్లలు వెబ్ పేజీల మీద పని చేసి చూపించారు. కాబట్టి బ్రౌజరు శత్రువు కాదు. కాని బ్యాంకులో ఈ తేలికదనం వెనక మరొక లెక్క వుంది. ఎవరైనా త్వరగా నేర్చుకోగల పని ఎక్కడికైనా తరలించగల పని కూడా. ఖాతా తెరిచే దరఖాస్తులు కొన్నాళ్లకు శాఖలో పూర్తి కావడం మానేసి, వేరే వూళ్లోని కేంద్రానికి పోయి వచ్చేవి. కౌంటరులో మిగిలినవాళ్లకు బీమా పాలసీలు అమ్మే లక్ష్యాలు వచ్చాయి.

సంఘాలు ఎందుకు మాట్లాడలేదు? దీనికి సోమరితనమనో, ద్రోహమనో సమాధానం చెప్పడం సులభం. నాకు అది సరిపోదు. 1983 ఒప్పందం లెక్కపెట్టింది యంత్రాలను. ఏ తరహా యంత్రం, ఎన్ని, ఎక్కడ అన్నది దాని భాష. తెర మారినప్పుడు కొత్త యంత్రం రాలేదు. బల్ల మీద వున్న కంప్యూటరు అదే. దాని లోపల తెరుచుకునే కిటికీ వేరు. లెక్కపెట్టడానికి వస్తువు లేదు. అప్పుడు అమలులో వున్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9-ఎ సెక్షను వుండేది: నాలుగో షెడ్యూలులోని విషయాల్లో మార్పు చేయదలిస్తే యాజమాన్యం ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ షెడ్యూలు పదో అంశం యంత్రాలనూ పని పద్ధతులనూ హేతుబద్ధం చేయడం గురించే. కాని దానికి తోక ఒకటి వుంది, అందువల్ల ఉద్యోగాలు పోయే అవకాశం వుంటేనే అని. తెర మారినందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు. పోవలసినవాళ్లు పదేళ్ల కిందటే డబ్బు తీసుకొని వెళ్లారు. కాబట్టి నోటీసు లేదు, చర్చ లేదు. జిల్లా సమావేశంలో నేను ఈ ప్రశ్న లేవదీస్తే అధ్యక్షుడు, "జీతాల చర్చలు నడుస్తున్నాయి, ఇప్పుడీ మౌసు గొడవ ఎందుకు కామ్రేడ్" అన్నాడు. సభ నవ్వింది. ఆయన మంచివాడే, పోరాటాల్లో జైలుకు వెళ్లివచ్చినవాడే. ఉద్యోగం, జీతం, పని గంటలు: వీటి మీద మన ఉద్యమానికి పదును వుంది. పని ఏ రూపంలో వుండాలన్నది మనం అడగవలసిన ప్రశ్న అనే అలవాటు లేదు.

అడిగినవాళ్లు లేకపోలేదు. నార్వేలో క్రిస్టెన్ నైగార్డ్ అనే శాస్త్రజ్ఞుడు వుండేవాడు; సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన ఇద్దరిలో ఒకడు. ఆయన 1970ల మొదట్లో ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి, కార్ఖానాల్లోకి వస్తున్న కంప్యూటరు పద్ధతులను కార్మికులే పరిశీలించి తమ షరతులు చెప్పుకునేలా పనిచేశాడు. కొత్త పద్ధతి తేవాలంటే కార్మిక ప్రతినిధులతో ముందే చర్చించాలన్న ఒప్పందాలు అక్కడ కుదిరాయి. 1981 నుంచి 1985 దాకా స్వీడన్, డెన్మార్కుల పరిశోధకులు అచ్చు కార్మికుల సంఘంతో కలిసి, పత్రికల పేజీలు కూర్చే తెరలు ఎలా వుండాలో కార్మికుల చేతనే చెప్పించారు. నిజమైన యంత్రం తయారు కాకముందు అట్టలతో, చెక్కలతో నమూనాలు చేసి వాటి ముందు కూర్చుని పని నటించి చూసేవారట. మా సోదరిని అలా ఒక అట్టతెర ముందు గంటసేపు కూర్చోబెట్టి వుంటే, టాబ్ ఎక్కడికి వెళ్లాలో ఆమె వేళ్లే చెప్పేవి.

ఐతే ఆ దేశాల ఉదాహరణలో లేని సమస్య ఒకటి మనకు వుంది. అక్కడ తెర మీద భాష జనం భాషే. ఇక్కడ నేను పనిచేసిన అన్నేళ్లలోనూ, ఖాతాదారు నూటికి తొంభై మంది తెలుగు తప్ప ఎరగని శాఖల్లో, తెర మీద ఒక్క తెలుగు అక్షరం చూడలేదు. ఆకుపచ్చ తెర కాలంలో దీనికి ఒక సమాధానం చెప్పేవారు. ఒక అక్షరానికి ఒక గడి, గడి కింద వత్తుకు చోటు లేదు, తెలుగు ఆ గళ్లలో ఇమడదు అని. ఈ మాట పూర్తిగా నిజం కాదు. ఐ.ఐ.టి. కాన్పూరులో పుట్టి, 1988లో ఏర్పడిన సి-డాక్ ద్వారా బయటికి వచ్చిన జిస్ట్ అనే ఏర్పాటుతో అలాంటి టెర్మినల్ మీదనే భారతీయ భాషల లిపులు చూపించారు. 1991లో భారతీయ లిపులకు జాతీయ ప్రమాణం వచ్చింది. అదే ఏడు యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు స్థానం దొరికింది. బ్రౌజరు వచ్చేనాటికి గడి సాకు కూడా పోయింది. సినిమా కబుర్లు తెలుగులో చూపించే బ్రౌజరే అప్పు బాకీ కూడా తెలుగులో చూపించగలదు. తెర వీపు జనం వైపు వుండే రోజులు పోయి, ఫోనులోనో, గోడ మీద యంత్రంలోనో ముఖం జనం వైపు తిరగబోతున్న సమయం. సరిగ్గా అప్పుడు కూడా గళ్ల పేర్లు పాత ఇంగ్లీషు పొడి అక్షరాల్లోనే కొత్త పేజీలోకి నడిచివచ్చాయి. (మా శాఖలో ప్రతి సెప్టెంబరులో హిందీ పక్షోత్సవం మాత్రం తప్పకుండా జరిగేది, వ్యాసరచన పోటీలో నాకు రెండుసార్లు స్టీలు గిన్నె వచ్చింది.)

ఆ మార్పిడి పని మీద ఒక కుర్రవాడు మా శాఖకు వచ్చాడు. హైదరాబాదులో ఏదో కంపెనీ, ఆ కంపెనీకి పని అప్పగించింది మరో కంపెనీ. ఇరవై నాలుగేళ్లుంటాయి. మొదటిరోజు సార్ అన్నాడు, తనది భీమవరమని చెప్పి రెండోరోజుకు బాబాయ్ గారూ అన్నాడు. వారానికి ఇన్ని తెరలు పూర్తి చేయాలని అతనికి లెక్క వుంది. పాత తెర ఒక పక్క, కొత్త పేజీ ఒక పక్క పెట్టుకొని గడికి గడి సరిచూసుకునేవాడు. రాత్రి పదింటిదాకా వుండేవాడు. నేను పంట రుణాల తెర దగ్గర అతన్ని ఆపి అడిగాను:

"అబ్బాయీ, ఇందులో పట్టాదారు పేరు వుంది, పాసుపుస్తకం నంబరు వుంది. కౌలుదారుకు గడి ఏదీ?"

"పాతదాంట్లో లేదండి బాబాయ్ గారూ."

"కొత్తదాంట్లో పెట్టు మరి. పేర్లు తెలుగులో కూడా పెట్టు."

"పెట్టడం పెద్ద పనేం కాదండీ, ఒక పూట. కాని స్కోపులో లేదండీ. మా లీడు ఒప్పుకోడు."

స్కోపు అంటే ఒప్పందంలో రాసుకున్న పని హద్దు. ఆ హద్దు ఎవరు గీశారో అతనికి తెలియదు, నాకూ తెలియదు. మేమిద్దరం, ఆ తెరను తయారు చేసేవాడూ దాని ముందు కూర్చునేవాడూ, ఒకే జిల్లావాళ్లం. ఆ కౌలురైతు ఎవరో ఇద్దరికీ తెలుసు. ఒక పూట పని.

కౌలుదారు గడి గురించి ఎందుకు పట్టుబట్టానో చెప్పాలి. డెల్టాలో పొలం ఎవరిది, దున్నేది ఎవరు అన్న రెండు ప్రశ్నలకు రెండు సమాధానాలున్నాయని తెలియనివాళ్లు లేరు. భూమి పేరున అప్పు తీసుకునేది యజమాని, తరచు హైదరాబాదులోనో ఇంకా దూరానో వుంటాడు. ఎరువూ కూలీ పెట్టుబడి పెట్టేది కౌలుదారు, వడ్డీకి తెచ్చి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టిన సంగతి దేశమంతా విన్నది. అదే ఏడు భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చి, కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. కార్డు పట్టుకొని మా కౌంటరుకు వచ్చారు. చట్టం వచ్చింది, కార్డు వచ్చింది, తెర మీద గడి రాలేదు. మా మేనేజరు మనసున్న మనిషి. తెర అడుగున రిమార్కులు అని నలభై అక్షరాలు పట్టే గడి ఒకటి ఖాళీగా వుండేది. కార్డు నంబరు, కౌలుదారు పేరు, ఎకరాలు అందులో ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి కొట్టమన్నాడు. రెండేళ్లు అలా కొట్టాం. నంబరు పట్టుకొని ఎవరైనా వస్తే, ఆ సోదరి ఎఫ్ మీటలు నాలుగు నొక్కి రిమార్కులు చదివి, "నీ పేరుందిలే, కూర్చో" అనేది.

2013 జూన్‌లో కొత్త పేజీ తెరిచాం. పట్టాదారు పేరు వుంది, పాసుపుస్తకం నంబరు వుంది, రిమార్కుల గడి కూడా వుంది. ఖాళీగా వుంది. కేంద్రానికి ఫోను చేస్తే, తప్పనిసరి గళ్లలోని వివరాలు మాత్రమే బదిలీ చేశామనీ, పాత జాబితాలో ఆ గడి ఎదుట ఐచ్ఛికం అని రాసి వుందనీ చెప్పారు. అట్టముక్కలు దాచిన బీరువాలో పాత కార్డుల జిరాక్సు కట్ట దొరికింది. ఆ సాయంత్రం కౌంటరు మూసిన తర్వాత ఆమె చదువుతుంటే నేను కొట్టాను, మౌసు పట్టుకొని, ఒక్కొక్కటిగా. తొమ్మిదింటికి కరెంటు పోయేసరికి సగం అయ్యాయి.